పెన్సిలూ పురికొసా

బ్లాక్‌బర్న్‌లో ఒక బడి భోజనాల గది.
గదంతా నిన్నటి ఉడికిన బఠాణీల వాసన.
పొద్దున ఏడు నుంచీ నా పని ఒకటే:
తెర వెనక్కి వచ్చిన ఆడవాళ్ళ ముఖాన్ని
వాళ్ళ ఫొటోతో పోల్చి చూడటం.
నఖాబు ఎత్తుతారు, అర నిమిషం.
మళ్ళీ సర్దుకోడానికి కౌన్సిలువాళ్ళు
ఒక చవక అద్దం ఇచ్చారు.

ఎన్ని ముఖాలో!
రాత్రి డ్యూటీ దిగని ముఖం,
చెవి పక్కన పిండి అంటిన ముఖం,
"మా మామ ఎవరికి వేయమన్నాడో చెప్పనా?" అని
కన్నుగీటి
చెప్పకుండానే వెళ్ళిపోయిన ముఖం.

మధ్యాహ్నం వానతోబాటు వచ్చింది మాసూమా,
పక్కింటి ముసలమ్మకి గొడుగు పట్టి.
ముసలమ్మ చీటీ తీసుకుని వెళ్ళింది.
ఈమె నా బల్ల ముందు నిలబడి
ఓటర్ల జాబితాని తలకిందులుగా చదువుతోంది,
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు.

"నా పేరుండదు, తెలుసు" అంది ఉర్దూలో.
దాయ్‌కుండీ ప్రాంతీయ సభలో నాలుగేళ్ళు కూర్చుందట.
గుర్తు రెండు కెటిళ్ళు.
ఒక్క కెటిలు ఇంకొకాయనది.
"ఒకటి కాదమ్మా, రెండు, రెండు అని
కొండ కొండకీ ఎక్కి ఇలా చూపించేదాన్ని."
రెండు వేళ్ళెత్తింది, అరచెయ్యి తనవైపు తిప్పుకుని.
ఈ ఊళ్ళో అది బూతని చెప్పాను.
నవ్వీ నవ్వీ గొడుగు కింద పడేసింది.

ఊరు విడిచే రాత్రి
మిగిలిన పోస్టర్లన్నీ పొయ్యిలో పెట్టిందట.
"నా ముఖాల మీదే టీ కాచుకున్నాం.
బాగా మండాయి."

నాది నంద్యాల. వచ్చి రెండేళ్ళు కాలేదు.
చేతిలో ఇంకా నీలం పాస్‌పోర్టే, అయినా ఓటుంది.
మా ముత్తాతల్ని ఏలారు కాబట్టి నాకుంది,
మూడు యుద్ధాలు చేసీ వాళ్ళని ఏలలేకపోయారు కాబట్టి
ఆమెకి లేదు.
చట్టంలో ఇలా రాసుండరు. నాకిలాగే అర్థమైంది.

ముసలమ్మ బయటికొచ్చింది.
మాసూమా ఆమె వేలు పట్టి తిప్పి చూసింది.
"సిరా ఏది?"
సిరా లేదు, ఇక్కడ పెన్సిలే.
"దాన్నెందుకు కట్టేశారు?"
ఎవరూ ఎత్తుకుపోకుండా.
"మా దగ్గర పెట్టెల్నే ఎత్తుకుపోయేవాళ్ళు."

పదికి ఐదు నిమిషాలుందనగా
నా ఓటు నేను వేసుకున్నా.
నాది ఎడమచేతి వాటం, పురికొస చాల్లేదు.
పక్కకి వంగి గీశాను.