తర్యేల్‌కి, వంతెన అప్పగిస్తూ

తాళాలు ఇవిగో. గునపాలు పదకొండు.
పన్నెండోది ఏట్లో ఉంది, లెక్కలో అలాగే రాసుకో.
కొలతలన్నీ ఈ పుస్తకంలో ఉన్నాయి.
కొలతలకి అందనివి కొన్ని చెప్తాను,
టీ చల్లారేలోపు.

అంతా పెన్సిలుతో రాసిందేమిటని నవ్వకు.
జూన్‌లో గీసిన గీత
జూలైలో కరిగొచ్చే మంచుకి తెలీదు.
రబ్బరు ముక్క కూడా పనిముట్టే,
అదిగో, మేకుల డబ్బాలో ఉంది.

పొద్దున్నే "ఎంతవరకు వచ్చింది?" అనకు.
"బాగానే ఉంది" అంటారు.
మూడో దూలాన్ని ఆ మాట మీదే నిలబెట్టాం ఒకసారి,
మధ్యాహ్నానికి నీళ్ళలో తేలింది.
"ఎక్కడ ఆగింది?" అని అడుగు.
అడిగాక ఊరుకో.
బిమూర్జా గడ్డం గోక్కుంటాడు,
సిగరెట్ వెలిగించి కొండవైపు చూస్తాడు,
సగం కాలాక నోరు విప్పుతాడు.
ఆ సగం సిగరెట్టూ పనివేళే,
జీతంలో కోయకు.

వెనకబడ్డామని తెలిసి
మెస్తియా ఆఫీసువాళ్ళు పదిహేనుమందిని లారీలో దింపారు ఓ ఏడు.
మంచి పిల్లలే. ఎక్కడ నిలబడాలో తెలీదు.
నేర్పాల్సింది ఎవరు? నా వాళ్ళే.
దూలాలు మోసే భుజాలు
దారి చూపే వేళ్ళయిపోయాయి.
వారానికి ఇంకో వారం వెనకబడ్డాం.
తొమ్మిదిమందిని తిప్పి పంపేశాను.
ఉంచుకున్న ఆరుగురిలో ఒకడు వంటవాడు,
ఆ ఏడు వంతెన నిలబడింది
సగం వాడి బీన్స్ పులుసు మీదే.

పైఊరివాళ్ళు తేదీ అడుగుతారు.
వాళ్ళని సంతోషపెట్టే తేదీ చెప్పకు.
మొదటి మంచు పడేలోగా అవతల కోసిన గడ్డి ఇవతలికి రావాలి.
ఆవులకి క్యాలెండరు లేదు, ఆకలుంది.
జరిగేలా లేదనుకుంటే
ఆగస్టులోనే వెళ్ళి గుమ్మంలో నిలబడి చెప్పు.
తిడతారు. తిట్టనీ.
తిట్టాక గాడిదల్ని వెతుక్కునే వ్యవధి ఉంటుంది వాళ్ళకి.

నలభై ఏడో పేజీ తియ్యి.
"నలభై సెంటీమీటర్లు తక్కువ కొలిచింది: త్సియాలా."
అందరిముందూ రాశాను, చెయ్యి వణికింది.
మర్నాడు జాన్సూగ్ వచ్చాడు,
తను బిగించని బోల్టులు తనే చూపించాడు.
అంతకుముందు అలాంటివి
ఏరే చెప్పేది మాకు.

ఇవ్దితి సంగతి.
వెల్డింగులో దాన్ని మించినవాళ్ళు ఈ లోయలో లేరు.
తీగ సన్నంగా ఉందంది ఒకరోజు.
నాకు ఆఫీసు ఫోను, ఎండ, తలనొప్పి.
"నీ పని నువ్వు చూసుకో" అన్నాను, పదిమందిలో.
చూసుకుంది.
ఇరవైరెండు రోజులు తన పని మాత్రమే చూసుకుంది.
తీగ సన్నంగానే ఉందని
ఇరవైమూడో రోజు చప్పుడు విన్నాక తెలిసింది.
ఎవరికీ దెబ్బలు తగల్లేదు.
అది అదృష్టం, నా తెలివని రాసుకోకు.

సరే, టీ చల్లారిపోయింది.
తాళాలు లోపలి జేబులో పెట్టుకో, పై జేబు చిరిగినట్టుంది.
నేను ఏటిగట్టు మీదుగా వెళ్తాను,
ఇవ్దితి ఇల్లు అటే కదా.
ఆ ఇరవైరెండు రోజుల మాట
ఇంకా నా దగ్గరే ఉండిపోయింది.