పుచ్చు

కాశీబుగ్గలో గ్రేడింగు బల్ల దగ్గర
ఇరవై రెండేళ్లుగా కూకుంటన్నాను.
గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క నా ఒడివైపు.
నూట ఎనభై రకమా, మూడువందల ఇరవైయా
కన్నుకన్నా ముందు వేలు చెబుతుంది.
ఆ వేలినే ఫోను గుర్తుపట్టదు.
గీతల్ని జీడి తినేసింది.
మళ్లీ ప్రయత్నించండి అంటుంది,
నా కూలితో కొన్న ఫోను.

హిమజ వేలు ఆనించక్కర్లేదు.
ఆగితే చాలు.

తొమ్మిదో తరగతి గుంట. రెండు నెలలుగా
కంచంలో అన్నాన్ని నాలాగే ఏరుతోంది.
రాత్రి దుప్పటి లోపల వెలుతురు.
లాక్కుందామనే లేచాను.
ఎందుకో పక్కన కూలబడ్డాను.
"ఏటి సూస్తన్నావే, నాకూ సూపించు."

ఎముకలు తేలిన నడుములు. దాని కింద ఇంకో నడుము.
ఏడు రోజులుగా నీళ్లే తాగుతోందట ఒక పిల్ల,
నవ్వుతోంది.
"ఇవన్నీ నువ్వడిగినావా?"
"నానడగలేదు. అదే ఎడతాది."
"అదంటే ఎవరు?"
చెప్పలేకపోయింది,
లెక్కల్లో తొంభై మూడు తెచ్చుకున్న పిల్ల.

తరవాత గోడవైపు తిరిగి చెప్పింది.
మొదటిది తను చూడనేలేదట.
కొళాయి వచ్చిందని నేను కేకేశాను.
మంచం మీద ఫోను అలాగే తిరిగింది,
అదే నడుము, అదే పాట,
నాలుగు బిందెలు నిండేదాకా.
మనిషి లేని గదిలో
ఇష్టమని రాసుకున్నారెవరో.

నాకు తెలిసిన పనే ఇది, ఏరడం.
కాకపోతే మా బల్ల మీద పుచ్చుకి వేరే డబ్బా ఉంది.
పుచ్చు పలుకు మీద నా చూపు
మంచిదాని మీదకన్నా ఎక్కువ సేపు ఆగుతుంది,
పారెయ్యడానికి.
ఆ బల్లకి ఆగడం ఒకటే తెలుసు.
ఎందుకాగావని అడిగే మేస్త్రీ లేడు.

వద్దని నొక్కే చోటు హిమజే చూపించింది,
మూడు చుక్కల వెనక, దాచిపెట్టినట్టు.
నా వేలితోనూ నొక్కాను.
దానికి గీతలక్కర్లేదు.
పదహారు తీసేసరికి పదిహేడోది వచ్చింది,
ఇంకా సన్నగా.
"ఇవి పోవేటమ్మా?"
"లోడు పెద్దది. ఒక్క రేత్రిలో అవదు."

పొద్దున్న గంజి పోశాను. సగం తాగింది.
మిగతా సగం గురించి ఏమీ అనలేదు.
గిన్నెవైపు చూడను కూడా లేదు,
నా చూపు ఆగితే
అదీ లెక్కలోకి వస్తుందేమోనని.