పది ఇరవై గూడ్సు

బుధవారం పైకప్పు పెచ్చు ఊడిపడింది.
శుక్రవారానికల్లా సున్నం కొట్టేశారు.
సోమవారం బడి తెరిచారు.

గది తెల్లగా ఉంది, ఎవరి పెళ్లికో సిద్ధం చేసినట్టు.
మూడో బెంచీ ఒక్కటే కొత్తది.
వార్నిష్ వాసన.
దాని మీద ఎవరూ కూర్చోలేదు.
నేనూ కూర్చోమనలేదు.

హాజరు పట్టీ తీశాను.
పదహారు దాకా బాగానే పిలిచాను.
పదిహేడు దగ్గర నాలుక
గడప తగిలిన కాలులా ఆగింది.
పద్దెనిమిదికి దాటేద్దామనుకున్నాను.
"పిలవండి టీచర్," అంది వెనక నుంచి తేజశ్రీ.
పిలిచాను.
పెంచల కిశోర్.
"ఉన్నాడు టీచర్.
స్టాన్లీలో.
కిటికీ పక్క మంచం."
అలా ఉన్నవాడికి గడిలో ఏం రాయాలో
పందొమ్మిదేళ్ల సర్వీసులో నాకెవరూ చెప్పలేదు.
చుక్క పెట్టి ఊరుకున్నాను.

హెచ్చెమ్ గారు వచ్చారు.
జరిగింది మర్చిపోండి పిల్లలూ,
పాఠాల మీద మనసు పెట్టండి అని
గుమ్మంలోనే నిలబడి చెప్పి వెళ్లారు.
లోపలికి రాలేదు.
పిల్లలు అది చూశారు.

తర్వాత ఎగ్మోర్ నుంచి కయల్విళి గారు,
సంచీ నిండా రంగు పెన్సిళ్లు,
ఆరు ముఖాలు గీసిన అట్ట.
తమిళంలో ఆమె అడిగింది, తెలుగులో నేనడిగాను:
ఇప్పుడు మీ మనసు వీటిలో ఏ ముఖంలా ఉంది?
ముప్పై నాలుగు మందీ
నవ్వే ముఖం మీదే వేలు పెట్టారు.
సరైన జవాబు అదేననుకున్నారు పాపం,
మార్కులు పోతాయని.
ఆమె నా వైపు చూసింది.
తప్పు జవాబుకి భయపడ్డం నేర్పింది నేనే కదా,
నేను కిటికీ వైపు చూశాను.

పది ఇరవై.
కొరుక్కుపేట గేటు పడింది.
వారం క్రితం దాకా ఈ గూడ్సు కోసం
కిటికీ దగ్గర తన్నుకునేవాళ్లు,
పెట్టెలు లెక్కపెట్టడానికి.
ఇవాళ గోడ సన్నగా వణికింది,
బల్ల మీద సుద్దముక్క దొర్లింది,
అంతే, అందరూ ఒక్క ఊపున
బెంచీల కిందకి.
ఒక్క అరుపు లేదు.
అందుకే భయమేసింది నాకు.

లేవండి, ఏం కాదు అనాలి.
నోటి దాకా వచ్చింది.
ఏం కాదని మంగళవారం కూడా నేనే అన్నాను,
మేరీ సుకన్య పైన పగులు చూపించి అడిగినప్పుడు.

కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని
మోకాళ్ల నొప్పితో సహా
నేనూ దూరాను, సుకన్య పక్కన.

బెంచీ అడుగు ఎప్పుడూ చూడలేదు నేను.
ఎండిపోయిన బబుల్ గమ్, బాణం దిగిన గుండెలు,
పదిహేడో ఎక్కం మొత్తం,
నాకు పెట్టిన పేరు: సైరన్.
నవ్వొచ్చింది.
నేను చదవడం సుకన్య చూసింది.
"టీచర్, మీక్కూడా భయమా?"
"అవునమ్మా.
బుధవారం నుంచి ఇంట్లో ఫ్యాన్ కింద పడుకోవడం లేదు."
"నేను చెప్పాను కదా టీచర్, పగులని."
"చెప్పావు. నేను వినలేదు."
ఇంకేం అనలేదు ఆ పిల్ల.
నా కొంగు అంచు తీసుకుని
వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

కయల్విళి గారూ నేల మీద కూర్చున్నారు,
సంచీ ఒళ్లో పెట్టుకుని.
బండి ఇంకా పోతూనే ఉంది.
నాలుగో బెంచీ కింద ఎక్కడో
ఒక గొంతు, గుసగుసగా,
పద్నాలుగు... పదిహేను...
కనపడని పెట్టెల్ని చప్పుడుతో లెక్కపెడుతోంది.
ఇంకో గొంతు కలిసింది. ఇంకోటి.
ముప్పై దాటేసరికి గదంతా.

గార్డు పెట్టె పోయింది.
నలభై ఆరు అన్నాడు ఏసుపాదం, తల బయటపెట్టి.
కాదు నలభై ఏడంది తేజశ్రీ.
కొట్టుకునే దాకా వచ్చింది.
నేను తేల్చలేదు.
రేపు మళ్లీ వస్తుంది కదా అన్నాను.

సాయంత్రం స్టాన్లీకి వెళ్లినప్పుడు
కిశోర్‌ని అడగాలట,
అక్కడికి వినిపిస్తుందేమో,
వాడికెన్ని వచ్చాయో.