ఎనభై సెంటీమీటర్లు

మొదటి ఉత్తరం ఏడు పేజీలు రాసిన.
వారాసిగూడల మా గల్లీ మొదట్ల
బుగ్గ పోయి నలభై రెండు దినాలైందని చెప్పనీకి
దేశం పుట్టినకాడికెల్లి మొదలుపెట్టిన.
అండ్ల సర్కారుంది, ధర్మముంది,
కార్పొరేటరు కొత్త కారుంది,
మా ఆడపడుచు పెండ్లిల నాకైన అవమానం గూడ
ఎట్లనో జొరబడ్డది.

మాణిక్యం సారుకిచ్చిన.
చిక్కడపల్లిల మూతబడ్డ ఒక పత్రికల
ఇరవై ఆరేండ్లు ప్రూఫులు దిద్దిన మనిషి.
ఇప్పుడు పైజామ కుట్టించుకోనీకి వచ్చి
నా మిషను పక్క స్టూలు మీద పొద్దుగుంకేదాక కూసుంటడు.

చదివిండు. అద్దాలు తుడుసుకుండు. మళ్లా చదివిండు.
"బాలమణీ, బ్లౌజు పీసు ఎంతుంటది?"
"ఎనభై సెంటీమీటర్లు సార్."
"వాళ్లు నీకిచ్చే జాగ గంతే.
నువ్వు తానుకు తానే మోసుకొచ్చినవ్."

రోజూ కత్తెర పట్టే చెయ్యే నాది,
నా మాట మీద మాత్రం ఆడలే.

"శోచనీయం" కొట్టేసిండు.
"అధికారులు మొద్దునిద్ర వీడాలి" కింద గీత గీసి
"ఇది వెయ్యిసార్లు నేనే దిద్దిన,
ఒక్కడన్న లేసిండా?" అన్నడు.

"ఎవలు పడ్డరు?"
రహమత్ బీ.
"ఎన్నడు?"
పోయిన మంగళారం, రాత్రి ఎనిమిదింబావుకు.
మోరీ మూత పగిలినకాడ. కుడి మణికట్టు ఇరిగింది.
"గిది ఏడో పేజీల ఎందుకు దాసినవ్ బిడ్డా?
పట్టుచీర మీద గోనెసంచి కప్పి అమ్ముతరా ఎవలన్న?"

స్తంభం నంబరు అడిగిండు. నాకు తెల్వది.
పన్నెండేండ్ల సంది దాని కిందికెల్లే పోతున్న.
ఆ రాత్రి సెల్లు వెలుతురు పట్టుకొని పోయిన.
ట్యూషన్ల కాయితం కింద హాస్టల్ కాయితం,
దాని కింద సున్నం.
గోటితోని గీకితె నలభై ఒకటి.

పేరెయ్యాల్నా అని రహమత్ బీని అడిగిన.
కట్టు చెయ్యి ఒళ్లె పెట్టుకొని శానసేపు ఆలోచించింది.
"వెయ్యి బిడ్డా. ముసల్దని మాత్రం రాయకు.
యాభై తొమ్మిదే నాకు."
ముసలిది కొట్టేసి యాభై తొమ్మిది రాసిన.

కారు పీకేటప్పుడు పాణం ఒప్పలే.
అది నిజమే గద సార్, అన్న.
"నిజమే. కారు రాస్తె కారు గురించి జవాబొస్తది.
నీకు బుగ్గ గావాలె."
ఆడపడుచు పెండ్లి
ఆయన నోరు తెరవకముందే నేనే తీసేసిన.

నూటపన్నెండు మాటలు మిగిలినయ్.
కింద పేరు, ఇంటి నంబరు, ఫోను.
నేల మీద పడ్డ ముక్కలు చానే ఉండె,
పారెయ్యబుద్ధి కాక సంచిల ఏస్కున్న.

పదకొండో తారీఖు అచ్చయింది,
రాశిఫలాల పక్కకు.
కింద బాలామణి అని ఉంది.
ఒక్క మాట ఎక్కువ రాయని నాకు
వాళ్లే ఒక దీర్ఘం పెట్టిచ్చిండ్రు.

మూడు దినాలకు నిచ్చెన బండి వచ్చింది.
బుగ్గ వెలిగింది.
మోరీ దిక్కు ఎవలూ సూడలే.
రహమత్ బీ ఎడమ చేత్తోని చాయ్ పోసింది,
సగం సాసర్ల పడ్డది, అదే తాగినం.

తొమ్మిది రాత్రులు.
పదో రాత్రి చీకటి.

కోపం మళ్ల ఏడు పేజీలంత లేసింది.
సారు ఊర్లె లేడు.
మిషను మీద ఎవలిదో రవికె
చేతులు లేకుంట పండుకుంది.
దాన్ని పక్కకు జరిపి
చాక్ ముక్క తీసుకొని మిగులు గుడ్డ మీద రాసిన:

"అయ్యా,
పదకొండున మీరేసిన నా ఉత్తరం సూడుండ్రి.
స్తంభం అదే, నలభై ఒకటి.
మోరీ మూత అదే.
బుగ్గ తొమ్మిది రాత్రులు వెలిగింది, సంతోషం.
పదో రాత్రికెల్లి మళ్లా లెక్కవెడుతున్న.
ఇట్లు, బాలమణి.
దీర్ఘం లేదు."