కొలతల పుస్తకం

రాజాంలో మా మిషన్ కొట్టు కొలతల పుస్తకంలో
నలభై మూడో పేజీ గులాబిది.
ఛాతీ లేదు, నడుం లేదు, చెయ్యి పొడవు లేదు.
ఒక్కటే అంకె, పక్కన తేదీ.
అంకె కొట్టేసి మళ్లీ అంకె.

"ఎవులు పిన్నీ ఈ గులాబి?
పదకొండేళ్లబట్టీ కొలతలిస్తంది,
జాకెట్టు మాత్రం పట్టుకెల్నేదు" అంది హైమ.
పాత బాకీ అనుకుంది.
బాకీయే.

విశాఖ పెద్దాసుపత్రిలో మెలకువొచ్చేసరికి
పొట్ట మీద ఎడంపక్క తడిగా, ఎర్రగా
నోరు తెరుచుకుని ఉంది.
కింది దారి కుట్టేశాం, ఇక జన్మకిదే దారి అన్నారు.
కుట్టు మాత్రం పొందిగ్గా వేశారు, చూశాను.
ఎస్తేరు సిస్టరు కాగితం చక్రం ఆనించి
"నలభై నాలుగు. టైలరువి కదా,
బిళ్లకి కన్నం నువ్వే కత్తిరించుకో" అంది.

చంక కత్తిరించినట్టే.
గీతకి నూలువాసి వదలాలి.
బిగువైతే ఒరుస్తుంది, వదులైతే మండుతుంది.
రెండు నెలలకి వాపు తీసి ముప్పై నాలుగయింది.

మొదటి ఏడాది నాకు కావలసిందల్లా
వాసన రాకపోవడం, పాలకొండ బస్సులో కిటికీ సీటు.
పెళ్లిళ్లలో పనసకాయ కూర పక్కకి నెట్టి
మజ్జిగన్నంతో లేచేదాన్ని.
గిరాకీ ఉండగా అది చప్పుడు చేస్తే
మిషను గట్టిగా తొక్కేదాన్ని.

తరవాత వాసన బెంగ పోయి చర్మం బెంగ వచ్చింది.
వైశాఖంలో చెమటకి బిళ్ల నిలిచేది కాదు.
తుపాను వారం కొరియరు ఆగిపోతే
ఉన్న రెండు సంచులే కడిగి, ఆరేసి, మళ్లీ తొడిగాను
అద్దె బట్టల్లాగ.

ఆరో ఏట డాక్టరు
జబ్బు తిరగబెట్టలేదు, ఇక రానక్కర్లేదన్నాడు.
దండం పెట్టి వచ్చేశాను.
బతికినదానికి ఏం కావాలో
ఆ తరవాత అడిగినవాళ్లు లేరు.

ఎనిమిదో ఏట దగ్గితే
దాని పక్కన కొబ్బరికాయంత ఉబ్బు.
కాన్వాసుతో బెల్టు నేనే కుట్టుకున్నాను, నాలుగు హుక్కులు.
ఎస్తేరు సిస్టరు చూసి నవ్వింది:
"కుట్టు బాగుంది, బెల్టు తప్పు."

ఇప్పుడు కంట్లో పొర, వేళ్లలో వణుకు.
సూదిలోకి దారం హైమ ఎక్కిస్తే సిగ్గేమీ లేదు.
కానీ మొన్న కన్నం చిన్నదయింది, నాకు కనపడలేదు.
సంచిలో నెత్తురు చూశాకే తెలిసింది.
దానికి నొప్పి తెలీదు మరి.
తెలిసేదంతా చుట్టూ ఉన్న చర్మానికే.

తలుపు గడియ పెట్టమన్నాను.
"ఇదేనే గుంటా, గులాబి."
ముక్కు మూసుకుంటుందేమోనని
దాని ముక్కే చూస్తూ కూచున్నాను.
హైమ మెళ్లో టేపు తీసింది.
టేపు కాదు, కాగితం చక్రం అన్నాను.
వంగి, కుట్టు విప్పబోయే ముందు చూసినట్టు చూసి
"ముప్పై నాలుగు ఎక్కడ పిన్నీ?
అడ్డం ముప్పై ఆరు, నిలువు నలభై ఒకటి.
గుండ్రమే కాదు, కోడిగుడ్డులాగున్నాది" అంది.

నలభై ఏళ్లలో నా కొలత తప్పన్న మనిషి లేదు.
కోపమొచ్చింది. తరవాత నవ్వొచ్చింది.
నవ్వుకి అదీ చప్పుడు చేసింది.
మిషను దూరంగా ఉంది, తొక్కలేదు.

హైమ చెవిలోంచి పెన్సిలు తీసి
నలభై మూడో పేజీలో
రెండంకెలూ, తేదీ రాసింది.
కింద జానెడు ఖాళీ వదిలింది,
మళ్లీ మారుతుంది కదా అని.