లెక్కకు రాని తుమ్ము

ఏనుమాముల మిర్చి యార్డుల
తుమ్మితే ఎవ్వలు తిరిగి సూడరు.
రైతు తుమ్ముతడు, అడ్తిదారు తుమ్ముతడు,
కాంటా కాడ గుమాస్తా సగం అంకె రాసి
తుమ్మి, తతిమ్మ సగం రాస్తడు.
అందుకే నా సర్దిని
మూడు దినాలదాంక ఎవ్వలు నమ్మలే.

మే నెల.
గచ్చు మీద అడుగేస్తే చెప్పు అంటుకుంటది,
ముక్కు మాత్రం ముసురుల సూరు లెక్క
కారుతనే ఉన్నది.
"ఎండల సర్దేందిర, సిగ్గు లేదా దానికి"
అనుకుంట సారంగం నా ఈపు మీదికి బస్తా ఎత్తిండు.
నలభై కిలోల తేజ కాయ మెడ మీద కూసున్నా
ఘాటు తెల్వలే.
"నసీబున్నోనివి, ఇయ్యాల ఇంకో లారీ మోస్తవ్"
అని నవ్విండ్రు అందరు.
మోసిన.

చాయ్ బండి కొమురమ్మ అన్నది:
సలువ జేసింది కొడుకా,
కూలర్ ముంగట పన్నవ్,
మిరియాలు నాలుగు కొరికి అల్లం చాయ్ తాగు.
పరకాల నుంచి మా అత్త ఫోన్ల అన్నది:
ఏడి జేసింది అల్లుడా,
ముంజలు తిను, సబ్జ గింజలు నానబెట్టుకో.
ఒకామె పొయ్యి మీదికి గుంజె, ఒకామె కుండలకు గుంజె,
నడుమల నా ముక్కు.

మెడికల్ షాపు రవీందర్ ఎర్ర సీసా ఇచ్చిండు.
చపాట కాయ అసొంటి మందు,
రంగే రంగు, కారం లేదు.

నాకెరుకే సర్ది యాడ అంటిందో.
మిరపకాయలు పండుకునే సల్లటి గదులున్నయి
ములుగు రోడ్డు పొంటి.
బయట నిప్పుల ఎండ,
తలుపు తీస్తే పుష్యమాసం.
బస్తాతోటి లోపలికి, ఉత్త చేతుల బయటికి,
దినానికి నూరు మాట్ల
రెండు కాలాల నడుమ తిరిగిన.
కాయ ఖరాబు కావద్దని ఆ గది కట్టిండ్రు.
మోసెటోని సంగతి
ఏ సీటీ మీద రాయలే.
కొమురమ్మకు చెప్పలే, కూలర్‌నే తిట్టనిచ్చిన.

ఇంట్ల నా బిడ్డ మౌనిక
చాయ్‌ల జిందా తిలిస్మాత్ రెండు సుక్కలెయ్యమంటే
ఆరేసింది, ప్రేమతోటి.
స్వరూప యాడనో వాయిలాకు తెంపుకొచ్చింది.
రేకుల కింద గొంగడి,
గొంగడి కింద నేను,
నా ముంగట మసిలే కుండ.
"ఊపిరి పీల్సు" అంటది బయట నుంచి,
పోలీసు తీరుగ.

పొద్దుగూకినంక చారు వెట్టింది.
ఎల్లిగడ్డ దంచిన సప్పుడు,
మిరియాలు, జిలకర, కల్యామాకు
నూనెల సిటపటలాడిన సప్పుడు,
అన్ని చెవులతోటే తిన్న.
మెత్తటి బువ్వల పోసింది.
నాలికె మీద మట్టి పెళ్ళ.
"ఎట్లున్నది?"
"మంచిగున్నది."

రాత్రి నీలగిరి తైలం ఛాతీకి రుద్దింది.
రుద్దినకాడల్లా మంట.
తైలం మంట కాదది.
పొద్దంత ముచ్చికలు తీసిన చేతులు,
మూడు మాట్ల సబ్బేసి కడిగినా
గోర్ల సందుల తేజ కాయ అట్లనే ఉన్నది.
పండ్లు గిట్ట కరుసుకున్న.
ఏ వైద్యం తియ్యని గడియ
అప్పుడు తీసింది, ముక్కుల,
ఒక పక్క.

"నీ చేతులు మండుతలెవ్వా?"
"నాకా?" అన్నది. "ఎప్పుడో పోయింది ఆ సోయి."
మాట్లాడినట్టే మాట్లాడి
గోడకొరిగింది.

లేసి, గిన్నెల సల్ల పోసుకొచ్చి
ఆమె రెండు చేతులు అండ్ల ముంచిన.
ఒద్దనలే. కూసున్నకాడనే నిద్రవోయింది,
మునివేళ్ళు తెల్లగ తేలుకుంట.

నాకు ఏడి కావాలె, ఆమెకు సలువ.
ఒక్క అర్ర, ఒక్క బల్బు.

చారు మిగిలితే తాగిన, సల్లారిందే.
ఉప్పు జరంత ఎక్కువైంది.
మూడు దినాల మీద
మొదలు తెలిసిన రుచి అది.
ఆమెకు చెప్పలే.