పావు చుట్టు

స్క్రాంటన్‌లో నవంబరు.
నేలమాళిగలో బాయిలర్ ఆపేసి, స్విచ్ మీద అట్టముక్క అంటించింది టెగ్వెన్:
"నేను పైన ఉన్నాను. వెయ్యొద్దు."

ఇక కాచుకుని కూర్చోవడమే. ఒక టీ, సగం గళ్ల నుడికట్టు.
"ఇనుముకు కోపం దిగడానికి టైం పడుతుంది,
మా ఆయనకు పట్టినంత కాదులే."

పాత వెంట్ మూతికి ఏడు పూతల రంగు.
ఎవరో అందం కోసం దాని ఊపిరి మూసేశారు.
అందుకే చలికాలమంతా చివరి పలకలు మంచు,
రాత్రుళ్లు పైపులో సుత్తి దెబ్బలు.

రెంచి వేసి తిప్పింది. కదల్లేదు.
వెల్ష్‌లో ఏదో తిట్టింది. కదిలింది.

కొత్తదానికి తెల్ల టేపు మూడు చుట్లు,
మర తిరిగే వైపే. ముందు వేళ్లతోనే.
"బిగుసుకున్నాక ఇంకో పావు చుట్టు. ఆగు!
పోత ఇనుము చిట్లిందంటే మరి అతకదు."
వెంట్ తల నిటారుగా ఉందో లేదో
ఒక కన్ను మూసి చూసింది.

సాయంత్రం బాయిలర్ వెలిగించి
ఇద్దరం మొహాలు దూరంగా పెట్టి విన్నాం.
మొదట తుప్పు వాసన గాలి, చాలాసేపు.
ఆవిరి తగలగానే టిక్‌మని నోరు మూసుకుంది.

టెగ్వెన్ ఏమీ అనలేదు.
కోటు విప్పి కుర్చీకి తగిలించింది.
ఆ ఇంట్లో ఆమె భుజాలు చూడటం నాకదే మొదలు.